కుళ్లాయప్ప పేరు

వేరుశనగ విత్తనాల కంపెనీలో కంప్యూటర్లు చూసే హేమలత, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఎవరెంత వాడుతున్నారో చూసి నిర్ఘాంతపోయింది. ముప్పై మందికి ముప్పై కొంటే, ఇరవై తొమ్మిదింటిని ఎవరూ ముట్టనే లేదు. ముప్పై కంప్యూటర్లలోనూ తెరిచి ఉన్నది ఉగాదికే రిటైరైన గుమాస్తా కుళ్లాయప్ప పేరే! దొంగలెవరో దూరారని ఆ పేరు తీసిపారేసింది. మరుక్షణం ఆఫీసంతా ఆమె మీదికి వచ్చిపడింది.

"ఎంత పని చేస్తివమ్మా! ఆయప్ప తన పేరుతో దీన్ని తెరిచిన దినమే కదా, మూడేండ్ల కరువు తర్వాత వాన పడింది? అప్పట్నుంచీ అందరం ఆ పేరుతోనే తెరుస్తాండాం" అన్నాడు గోడౌను చూసే ఆదెప్ప.

"మీకు బుద్ధుండాదా?" అంటూ హేమలత మేనేజరు గదిలోకి దూసుకుపోయింది. ఆగిపోయిన తన కంప్యూటరును వదిలేసి, ఆయన కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"ఆ పేరు బిర్రున మళ్లీ పెట్టు తల్లీ, మబ్బు చెదిరిపోతాండాది!"