చైనా పక్కన చాద్

నేను ఒక దేశం పేరు మోసే చెక్క పలకను. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. నా ముఖాన ‘చాద్’ అని రాసి ఉంటుంది. ఆ దేశం ఎక్కడుందో మీకు వెంటనే తట్టకపోతే సిగ్గుపడకండి. పదకొండేళ్ళలో నన్ను చేతబట్టిన పదకొండుమందిలో తొమ్మిదిమంది ముందు అట్లాసు వెతికినవాళ్ళే. ఆఫ్రికా నడిబొడ్డున, నాలుగువైపులా ఇతరుల నేలే తప్ప సముద్రమన్నది ఎరగని దేశం నాది.

రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో పుట్టాను. అక్కడ ఓబుల్ రెడ్డి సారు ఎమ్మే పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్పేవారు. ప్రపంచాన్ని చదివితే చాలదు, దాని కుర్చీలో కూర్చుని చూడాలన్నది ఆయన పట్టుదల. అందుకని ఏడాదికొకసారి సెమినార్ హాల్లో ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితి పెట్టేవారు. ముప్పైమంది పిల్లలు, ముప్పై దేశాలు. ఎవరికే దేశమో చీటీలు తీసి తేల్చేవారు. దేశాల పేర్లు రాయడానికి విరిగిన బెంచీలు తెప్పించి, వడ్రంగి కాళయాచారి చేత ముప్పై పలకలు కోయించారు.

నేనూ చైనా ఒకే బెంచీ బిడ్డలం. ఆచారి చైనాను నడిమి చెక్కలోంచి తీశాడు. నన్ను అంచులోంచి, కణుపుతో సహా తీశాడు. పేర్లు రాసిన దస్తగిరి చైనాకు బంగారు రంగు పూశాడు. నా వంతు వచ్చేసరికి డబ్బా అడుగంటింది.

“దీనికి తెల్లరంగు పూస్తా సార్. ఈ దేశాన్ని ఎవరు చూడొచ్చినారు?” అన్నాడు.

సారు నవ్వారు. ఆ నవ్వు నా కణుపులో ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అంతటితో పోయినా బాగుండేది. అక్షర క్రమంలో కూర్చోబెట్టడం ఆ సభ పద్ధతి. ముప్పై దేశాల్లో ‘చ’తో మొదలయ్యేవి మేమిద్దరమే. కాబట్టి ఏటా నా కుడి భుజం ఆనుకుని చైనా. ఊళ్ళో మోతుబరి మేడ పక్కన పూరిగుడిసె వేసుకున్నవాడికి తెలుస్తుంది నా బాధ. చైనా చీటీ తీసినవాళ్ళు కేకలేసేవాళ్ళు. ఐదు పెద్ద దేశాలకే ఉన్న వీటో దానికుందని, తను కాదంటే లోకమంతా అవునన్నా చెల్లదని మీసం మెలేసేవాళ్ళు. నా చీటీ తీసినవాళ్ళు “సార్, ఇంకొకటి తీయొచ్చా?” అని అడిగేవాళ్ళు. ఒకడు నా వీపున క్రికెట్ స్కోరు రాసుకున్నాడు. ఒకామె కరెంటు పోతే నాతో విసురుకుంది. నేను మాత్రం పక్కనున్న బంగారు అక్షరాలను చూస్తూ, వాటికి చెద పట్టాలని ఏటా మొక్కుకునేదాన్ని.

పదకొండో ఏట నేను హులిగెమ్మ చేతికొచ్చాను. ఆదోని దగ్గర పల్లె ఆమెది. చైనా పోయి పోయి ఆమె హాస్టల్ గది జతగత్తె ఇందుప్రియ చేతిలో పడింది. ఇందుప్రియ కర్నూలు పిల్ల, వకీలు గారి కూతురు. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. ఆ ఏడు పందెం కూడా పెద్దదే. సభలో బాగా మాట్లాడిన ఒక్కరిని ఢిల్లీలో ఆరునెలల పరిశోధన శిక్షణకు పంపుతామని సారు చెప్పారు. ఒక్కటే సీటు.

“మే హులిగీ, మీ దేశానికి సముద్రమే లేదంట గదా! తుంగభద్ర కాలువలో ఒక పడవ ఇప్పిద్దునా?” అంది ఇందుప్రియ, అందరి ముందూ.

అందరూ నవ్వారు. హులిగెమ్మా నవ్వింది. కానీ ఆమె వేళ్ళు నా అంచును ఎంత బిగించి పట్టుకున్నాయో నాకే తెలుసు. ఇందుప్రియ ఇంగ్లీషును, ఇస్త్రీ బట్టలను, ఏ సారు ముందైనా కాలు మీద కాలేసుకుని కూర్చోగల ధైర్యాన్ని ఏడాదిన్నరగా చూస్తూ ఆమె లోపల ఏమేం ఉడికిందో ఆ పట్టు చెప్పింది. నా జన్మలో మొదటిసారి నా జాతి మనిషి దొరికిందనుకున్నాను.

రెండు వారాలు ఆమె నన్ను సంచిలో వేసుకుని లైబ్రరీకి తిరిగింది. నా గురించి నాకే తెలియనివి చదివింది. నా నేల కింద చమురుందట. అది కామెరూన్ నేల మీదుగా వేసిన గొట్టంలో పోతే తప్ప ఓడ ఎక్కదట. సరుకు విలువ కన్నా దారి ఖర్చే సముద్రం లేని దేశాల నడుము విరుస్తుందట. సభలో చర్చకు పెట్టిన తీర్మానమూ అదే: అలాంటి దేశాల సరుకు పొరుగు దేశాల గుండా సముద్రం చేరే హక్కు.

సభకు ముందురోజు సాయంత్రం ఇద్దరూ హాస్టల్ మెట్ల మీద కూర్చున్నారు. హులిగెమ్మ ఒడిలో పుస్తకం, పక్కన నేను. ఇందుప్రియ లేచి నిలబడి, చైనా పలకను పైకెత్తి తన ప్రసంగం అప్పగించింది.

“అధ్యక్షా! ఎవరి నేల మీద వాళ్ళదే పెత్తనం. ఈ తీర్మానం ఎన్ని ఓట్లతో నెగ్గినా సరే, చైనా దీన్ని వీటో చేస్తాంది! ఎట్లుంది మే?”

హులిగెమ్మ ఒడిలో తెరిచి ఉన్న పేజీ నాకు కనిపిస్తూనే ఉంది. పెన్సిల్‌తో గీత గీసి ఉంది కూడా. వీటో చెల్లేది భద్రతా మండలిలో. మరుసటి రోజు జరగబోయేది సాధారణ సభ. అక్కడ చైనాకూ ఒకటే ఓటు, చాద్‌కూ ఒకటే ఓటు. ఇందుప్రియ తన చేతికొచ్చిన ఆయుధం గురించి అంతా చదివింది గానీ, అది ఏ గదిలో పేలుతుందో చదవలేదు.

చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. హులిగెమ్మ పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసింది.

“బాగుంది. గొంతు ఇంగ రోంత పెంచు,” అంది.

నాకు ఎంత సంబరమేసిందో చెబితే మీరు నన్ను చీదరించుకుంటారు. పదకొండేళ్ళుగా నేను ఎవరి వీటో చూసి కుళ్ళి చచ్చానో, అది ఆ హాల్లో ఏనాడూ చెల్లనిదేనని అప్పుడే నాకూ తెలిసింది!

మరుసటి రోజు సభ. మాట్లాడాలనుకున్న దేశం తన పలకను నిలువుగా నిలబెడితే అధ్యక్ష స్థానంలో ఉన్న సారు పిలుస్తారు. హులిగెమ్మ నన్ను నిలబెట్టింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. మూడోది రాలేదు. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆమె కాగితం మడిచేసింది.

“సార్, మా నాయనకు రెండెకరాల పత్తి చేను ఉండాది. ముందర గుర్రప్ప చేను. పైరు మీదున్నెప్పుడు బండి పోనీడు. పత్తంతా కూలోళ్ళను పెట్టి తలమీదనే మోపిస్తాము. మోసే కూలీ పోయినంక మాకు మిగిలేది ఏమీ లేదు. చేను మాదే సార్, దారే మాది కాదు. చాద్ కథా ఇంతే. దారినిచ్చేది ధర్మం చేసినట్ల కాకుండా, దానికొక కట్టుబాటు ఉండల్ల అంటాండా.”

ఓట్లు పెట్టారు. అనుకూలం పదహారు, వ్యతిరేకం పదమూడు, ఒకరు తటస్థం. అప్పుడు నా పక్కన బంగారు అక్షరాలు పైకి లేచాయి.

“చైనా వీటో చేస్తాంది!”

గొంతు బాగా పెంచింది, పాపం.

హులిగెమ్మ నన్ను మళ్ళీ నిలబెట్టింది. “అధ్యక్షా, ఇది సాధారణ సభ. ఈడ వీటో లేదు. చైనాకు ఒక ఓటు, అది వేసేసినారు.”

ముందు సారు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది. ఇందుప్రియ పలకను దించి, దాని వెనక ముఖం దాచుకుంది. నేను కోరుకున్నది జరిగింది. దానికి చెద పట్టినా నాకు అంత బాగుండేది కాదు.

సీటు హులిగెమ్మకే వచ్చింది. సారు ఆమెను దగ్గరికి పిలిచారు.

“ఆ తప్పు ఎప్పుడు కనిపెట్టినావమ్మా?”

“అప్పుడే సార్. ఆమె అన్నెప్పుడే.”

పెన్సిల్ గీత ఉన్న పుస్తకం, నేను ఒకే సంచిలో ఉన్నాం.

బయట మెట్ల దగ్గర ఇందుప్రియ ఎదురుచూస్తూ ఉంది.

“నిన్న నీ ఒళ్ళో ఉన్నది ఆ పుస్తకమే గదా. గొంతు పెంచమంటివే మే!”

హులిగెమ్మ తన చెప్పుల వైపు చూస్తూ అంది: “నాకు ఆ సీటు కావాల్సి ఉన్నింది ఇందూ.”

“నేనైతే చెప్పుంటి,” అంది ఇందుప్రియ. మళ్ళీ తనే, “ఏమో, నేనూ చెప్పుండనేమో,” అని కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

హులిగెమ్మ ఢిల్లీ పోయే ముందు నన్ను తెచ్చి శాఖ బీరువాలో పెట్టింది. ముఖం గోడవైపు తిప్పి పెట్టింది. మళ్ళీ నాకోసం రాలేదు. ఆమెను తప్పు పట్టను. గెలిచినవాళ్ళు సాక్షిని ఇంట్లో పెట్టుకోరు.

ఇందుప్రియ మాత్రం చదువు ముగిసిన రోజు సారునడిగి చైనా పలకను తీసుకుపోయింది. ఇప్పుడామె ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోందట. భద్రతా మండలి పాఠం వచ్చిన రోజు ఆ పలకను బల్ల మీద పెట్టి, తను చేసిన తప్పు తనే చెప్పి పిల్లల్ని నవ్విస్తుందట. ఓడిన చైనాకు ఇల్లు, బల్ల, ఏటా కొత్త పిల్లలు. గెలిచిన చాద్‌కు బీరువా. ఆ సంగతి విన్ననాడు నేను కుళ్ళిన కుళ్ళు ముందరి పదకొండేళ్ళలోనూ కుళ్ళలేదు.

సారు రిటైరయ్యారు. సభకు ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు వాడుతున్నారు. మమ్మల్ని బీరువాలో అక్షర క్రమంలోనే పేర్చారు. నా కుడిపక్క ఇప్పుడు జపాన్. మంచిదే, రంగు కూడా ఇంకా వెలవలేదు. ఏమీ తోచక దాని మీద అసూయపడదామని చాలాసార్లు చూశాను. మనసు రావడం లేదు.