మూసిన పంజరం

హిల్లే అప్పటికి మూడోసారి అవిసె నూనె పోసి పసుపు రంగు నూరుతోంది. ఇరవయ్యారేళ్లుగా నూరీ నూరీ కుడి భుజం కాస్త కిందికి వాలింది. గోళ్ల సందుల్లో ఏ సబ్బుకీ లొంగని రంగు. లైడెన్ ఊళ్లో చిత్రకారుడు యోరిస్ ఇంట్లో వంటా ఆమెదే, వాకిలీ ఆమెదే. బొమ్మలో పనిమనిషి కావలసివస్తే ముఖమూ ఆమెదే.

గిన్నె అందించబోతూ బొమ్మకేసి చూసింది. కిటికీ పక్కన తను ఇత్తడి బిందె తోముతోంది. గడ్డం మీద పులిపిరితో సహా అచ్చు తనే. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న పై మూలలో ఇవాళ పంజరం వేలాడుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పిట్ట లేదు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆడదాని పక్కన పిట్ట ఎగిరిపోయిన పంజరం పెడితే దాని శీలం పోయిందని అర్థం. ఆ ఊళ్లో చేపలమ్మే పిల్లకైనా తెలుసు. పైగా బొమ్మ కొంటున్నది డిర్క్ గారాయె! పెళ్లికాని ఆడవాళ్ల సత్రానికి ఆయనే పెద్ద. అక్కడ గది కోసం హిల్లే తొమ్మిదేళ్లుగా కాచుక్కూచుంది. మచ్చపడ్డ మనిషిని వాళ్లు గడప తొక్కనివ్వరు.

"అయ్యగారూ, ఆ తలుపు మూసెయ్యండి."

"ఓసి పిచ్చిదానా, నిన్నన్నానా? కిటికీ వెలుగు నీ భుజం మీదుగా ఏటవాలుగా పైకెక్కాలి. చూపు ఆ తెరిచిన తలుపు దగ్గర ఆగాలి. లేకపోతే మూల బోసిపోతుంది."

"మూల మీది. ముఖం నాది. డిర్క్ గారు భోంచేస్తూ నన్ను చూసి నవ్వుకోవాలా?"

"నవ్వుకోడానికే కదే కొనేది!"

హిల్లే గుడ్డ అందుకుంది. ఇంకా రంగు ఆరని తలుపును ఒక్క తుడుపు తుడిచేసింది. యోరిస్ లేచేలోగా కుంచె అందుకుని ఊచలు గీసింది. లోపల ఒక పిట్టను కూచోబెట్టింది. లావుపాటి పిట్ట, ముక్కు వంకర, పసుపు రెక్క.

"నా కొంప ముంచావు కదే! పో బయటికి!"

"పోతున్నా. మీరు పొమ్మన్నారని కాదు."

ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. చెక్కబూట్లు తొడుక్కుని కాలవ గట్టు వెంట తలెత్తుకుని వెళ్లిపోయింది.

యోరిస్ ఆ పిట్టను గీకేద్దామని కత్తి తీసి బొమ్మ ముందు నిలబడ్డాడు. కిటికీ వెలుగు ఆమె భుజం ఎక్కి, అక్కణ్ణించి సూటిగా పసుపు రెక్క మీద వాలింది. మూల బోసిపోలేదు. "మొండిఘటం" అని గొణుక్కుని కత్తి దించాడు.

రంగు ఆరాక బొమ్మ డిర్క్ గారింటికి వెళ్లింది. ఆయన నవ్వలేదు. పై నెలలో హిల్లేకి సత్రంలో గది ఇచ్చారు.

యోరిస్ ఇంట్లో నూరే రాయి మీద, పిట్ట రెక్కకి పోగా మిగిలిన పసుపు ఎండి అట్టకట్టుకుపోయింది.