బంక కింద చీమ

ఒక చీమకి రెండు పేర్లుంటే చీమకేం నష్టం? ఏమీ లేదు. నష్టమంతా హెలెన్‌కే. ఐదేళ్లపాటు పామర్రు పొలం గట్ల మీద మోకాళ్లు అరిగేలా పాకి చీమల మీద రాసుకున్న థీసిస్ కాస్తా ఆ రెండో పేరు దగ్గర చిక్కుకుపోయింది.

సంగతేమిటంటే, నడుము మీద రెండు ముళ్లున్న నల్ల చీమకి నూరేళ్ల కిందట ఎవరో దొర ఒక పేరు పెట్టాడు. 1971లో రామతులసి అనే ప్రొఫెసరుగారు పామర్రులోనే ముళ్లు లేని చీమ దొరికిందని దానికి ఇంకో పేరు పెట్టారు. హెలెన్ మూడువేల చీమల్ని పట్టి చూసింది. ముళ్లు లేనిది ఒక్కటైనా దొరికితే ఒట్టు! రెండూ ఒకటే జాతి అని రాసేసింది.

"అసలు నమూనా చూడకుండా ఎలా అంటావమ్మా? ఏప్రిల్‌లోగా తేల్చు, లేదంటే థీసిస్ వెనక్కి పంపేస్తాం" అన్నారు యూనివర్సిటీ వాళ్లు.

ఆ నమూనా, అంటే రామతులసిగారు చూసి పేరు పెట్టిన ఆ చీమ, లోకం మొత్తానికి ఒక్కటే. అది ఆవిడ బీరువాలోనే ఉంది. ఆవిడ రిటైరై బెజవాడ సూర్యారావుపేటలో ఉంటున్నారు. హెలెన్ రెండుసార్లు వెళితే రెండుసార్లూ, "చీమని బయటికి పంపను, నా పుస్తకంలో బొమ్మ ఉందిగా, చూసుకో" అని గుమ్మంలోంచే పంపేశారు. 1998 మార్చిలో హెలెన్ దొరగారి చీమని కలకత్తా మ్యూజియం నుంచి తెప్పించుకుని, పెట్టెను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

"మళ్లీ వచ్చావూ?" అన్నారు రామతులసిగారు.

"మీ చీమని బయటికి పంపనన్నారు కదండీ మేడమ్. అందుకని ఆ చీమనే మీ ఇంటికి తీసుకొచ్చానండీ."

"పెళ్లిచూపులా ఏమిటే?" అని ఆవిడ నవ్వాపుకోలేక లోపలికి రమ్మన్నారు.

రెండిటినీ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెట్టారు. తలలు ఒకటే, కాళ్లు ఒకటే, మీసాలూ ఒకటే. నడుము దగ్గరికొచ్చేసరికి హెలెన్ చూపు ఆగిపోయింది. రామతులసిగారి చీమకి నడుమంతా పసుప్పచ్చ బంకముద్ద!

అట్టముక్క మీద చీమని అతికించడం ఈ జిల్లాలో ఎంత తిప్పలో అతికించినవాళ్లకే తెలుసు. ఇక్కడి ఉక్కకి తుమ్మబంక మెత్తబడి చీమ జారిపోతుంది. అందుకని అందరూ ఓ రెండు చుక్కలు ఎక్కువే వేసేవాళ్లు.

"ఇది ఎవరు అతికించారండీ?"

"నేనే. ఏం?"

"బంక కాస్త ఎక్కువైందేమోనండీ. గోరువెచ్చటి నీళ్లతో కరిగించి చూద్దామండీ."

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "విరిగిందంటే? నా ఇరవై ఏడేళ్ల చీమా పోతుంది, నీ థీసిసూ పోతుంది. ఇంక దేన్ని చూపించి రుజువు చేస్తావు?"

హెలెన్‌కి భయం వేసింది. వేయదూ మరి! అయినా తగ్గలేదు. "విరిగితే థీసిస్ నేనే వెనక్కి తీసుకుంటానండీ" అంది.

రామతులసిగారు ఆమెను ఎగాదిగా చూసి, లేచి వెళ్లి నీళ్లు తనే వెచ్చబెట్టి తెచ్చారు. "ఊఁ, కానీ" అన్నారు.

హెలెన్ మోచేతిని బల్లకి అదిమిపెట్టి సన్నటి కుంచెతో చుక్క తరవాత చుక్క వేసింది. అరగంట గడిచింది. బంక మెత్తబడి మీగడలా పక్కకి జరిగింది. ఒక ముల్లు కనిపించింది. దాని పక్కనే రెండోది!

"మేడమ్!" అని ఆమె పెట్టిన కేక వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

రామతులసిగారు కన్ను ఆనించి చూశారు. కొలిచారు. దొరగారి చీమ ముళ్లు ఎంతో ఇవీ అంతే. "ముళ్లు లేకపోవడమేమిటి నా తలకాయ! నా చేత్తో నేనే కప్పెట్టాను" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే ఫక్కున నవ్వేశారు. "పాత పేరే నిలిచింది. నేను పెట్టిన పేరు కొట్టెయ్."

హెలెన్‌కి ఎగిరి గంతెయ్యాలని ఉంది. ఆవిడ ఎదురుగా ఎలా అని బిగబట్టుకుని నిలబడింది.

"ఏమిటా మొహం? గెలిచినదానివి గెలిచినట్టుండు! ఇలా కూర్చో, లేబులు రాయి" అని తన కుర్చీ ఇటు జరిపారు.

గోరంత కాగితం మీద హెలెన్ పాత పేరు రాసింది. కింద తేల్చినవాళ్ల పేరు రాయాలి. పెద్దావిడ కదా అని "రా" అని మొదలుపెట్టేసరికి, రామతులసిగారు ఆ కాగితం లాక్కుని చింపేసి ఇంకోటి ఇచ్చారు.

"తేల్చింది నువ్వు. నీ పేరు రాయి."

ఈసారి హెలెన్ తన పేరే రాసింది.