సర్వర్ ముందు నూట యాభై జతల చెప్పులు

పన్నెండు మంది ఇంజనీర్లు మూడు వారాలు తలలు పట్టుకుని కూర్చున్నా అంతుపట్టని రోగాన్ని ఒక్క మాటతో బయటపెట్టిన మనిషి ఈ సికింద్రాబాద్ మొత్తానికి నేనొక్కణ్ణే. నా చదువు ఏడో తరగతి. అదీ మా ఊరి బడిలో, వానొస్తే సెలవిచ్చే బడిలో. కంప్యూటర్‌ని దుమ్ము తుడవడానికి తప్ప నేను ముట్టుకున్నది లేదు. అయినా రోగం బయటపెట్టింది నేనే. తర్వాత ఎవరూ కాదనకుండా ముందే రాసి పెడుతున్నాను.

మా కోడలు కల్పలత రాంగోపాల్‌పేట్‌లో ఒక చిన్న కంపెనీలో వెబ్‌సైట్ల పని చేస్తుంది. సోమవారాలు మాత్రం ఆఫీసుకు పోదు. అల్వాల్‌లో మా ఇంట్లోనే డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరుస్తుంది. ఆ రోజు నేనూ మా ఆవిడ బుచ్చమ్మా కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటాం. ముసలివాళ్ళకు చెవి మిషన్లు ఉచితంగా ఇచ్చే ఒక ట్రస్టు ఉంది. సోమవారం పది గంటలకు వాళ్ళ వెబ్‌సైట్‌లో నాలుగు వందల టోకెన్లు వదులుతారు. ముందు నొక్కినవాడికి ముందు. ఆ వెబ్‌సైట్ బాగోగులన్నీ కల్పలతవే.

మొదటి సోమవారం పదింటికి సైట్ పడిపోయింది. రెండో సోమవారం ఇంకా ఘోరంగా పడిపోయింది. ఆ మధ్యాహ్నం కల్పలత మేనేజరు ఓంప్రకాశ్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"చూడు కల్పలతా, ట్రస్టోళ్ళు నన్ను పరేషాన్ చేస్తున్నరు. మూడోసారి సుత గిట్లనే అయిందనుకో, ప్రాజెక్టు తిరుమల్‌కిస్తా. నువ్వు మళ్ళ టెస్టింగ్‌ల కూసో. అంతే."

టెస్టింగ్‌లోంచి ఈ పనిలోకి రావడానికి ఆ పిల్లకు నాలుగేళ్ళు పట్టింది. ఫోన్ పెట్టేసింది. టేబుల్ మీది ఉప్పు డబ్బాను ఇటు నుంచి అటు జరిపి, మళ్ళీ అటు నుంచి ఇటు జరిపింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఏందమ్మా దాని బాధ? నాకు చెప్పు."

"మీకేం చెప్పాలె మామయ్యా. సర్వర్ అంటే ఒక హోటల్ అనుకోండ్రి..."

"హోటల్ ఎందుకు? ముప్పయ్యేళ్ళు ఎరువుల సొసైటీల గుమస్తా పని చేసినోణ్ణి. యూరియా ఇచ్చే కిటికీ అని చెప్పు, ఎందుకు తెల్వదు?"

నా మొహం వంక ఒకసారి చూసి, సరే అనుకుంది. "అయితే వినుండ్రి. నూట యాభై కిటికీలున్నయ్. మనిషికొక కిటికీ. అన్నీ నిండితే వెనక లైన్. లైన్ సుత నిండితే వచ్చినోణ్ణి వచ్చినట్టే పంపిస్తది."

"కిటికీలు పెంచరాదు?"

"ఇయ్యాల పొద్దున ఆరు వందలు చేసిన. కిటికీలు ఆరు వందలైతే అయినయ్ గానీ, లోపల బస్తాలు మోసెటోడు ఒక్కడే గదా. మెమరీ నిండి మొత్తానికే కూలింది."

"లైన్ పొడుగు చెయ్యి మరి."

"అది సుత చేసిన!" గొంతు లేచింది. "లైన్ల నిలబడ్డోడు నిమిషం చూస్తడు, కోపమొస్తది, పేజీ మూసేసి మళ్ళ తెరుస్తడు. మళ్ళ వెనకకొచ్చి నిలబడతడు. వాని పాత నంబర్ లైన్ల అట్లనే ఉంటది. ఎన్నడో లేచిపోయినోనికి నా సర్వర్ కూసోని టోకెన్ రాస్తుంటది. ముందట మనిషే లేడు!"

మా సొసైటీలోనూ అంతే. ఒకసారి చచ్చిపోయిన మల్లయ్య పేరు పిలిస్తే ముగ్గురు పలికారు. ఇద్దరు సంతకం కూడా చేశారు. అది చెబుదామని నోరు తెరిచేలోపే కల్పలత చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఆ వారం రోజుల్లో నేనిచ్చిన సలహాలు పదకొండు. ఒక్కటీ విన్న పాపాన పోలేదు. ఇంట్లో చెవి మిషన్ అవసరం ఎవరికో నాకర్థం కాలేదు.

మూడో సోమవారం వచ్చింది. కిటికీలు మళ్ళీ నూట యాభై చేసింది, లైన్ కుదించింది. కంప్యూటర్లో తను రాసిన పాత రాతలన్నీ తిరగేసి, ఎక్కడ ఏ తప్పూ కనిపించక, పొద్దున టిఫిన్ కూడా ముట్టలేదు. బుచ్చమ్మ రెండుసార్లు ఉప్మా వేడి చేసి, మూడోసారి నాకు పెట్టింది.

తొమ్మిదింటికి టేబుల్ దగ్గర్నుంచి కేక.

"ఏందిది! ఇంకా షురూనే గాలే! నూట యాభై కిటికీలూ నిండినయ్!"

వెళ్ళి చూశాను. తెర మీద చిన్న చిన్న గళ్ళు. ప్రతి గడిలో ఒకటే గుర్తు, వరసగా, నారుమడిలా.

"ఈ గుర్తేందమ్మా?"

"పట్టుకోని కూసున్నరని. ఏం అడుగుతలేరు, పోతలేరు. ఒకసారి వచ్చినోని కోసం అరవై సెకన్లు కిటికీ తెరిచే ఉంచుతది. మళ్ళ అడుగుతడేమో అని. ఆ లోపల ఏమీ అడగకపోతే మూస్తది."

"మరి మూయదేం?"

వేళ్ళతో నుదురు నొక్కుకుంది. "నా నెత్తి. టోకెన్లు ఎన్ని మిగిలినయో కనబడాలె అని నేనే పెట్టిన. పేజీ తెరిచి ఉంటే చాలు, ముప్పయి సెకన్లకోసారి అదే అడుగుతది. ఇంక కిటికీ ఎప్పుడు మూతపడతది? కానీ పదింటికి టోకెన్లయితే ఎనిమిదింటికెల్లి పేజీ తెరుచుకోని ఎవరు కూసుంటరు మామయ్యా? ఎవరు వీళ్ళు? ఏం పనీపాటా లేదా వీళ్ళకు?"

అక్కడ నా ఛాతీ పొంగింది. నిజం దాచను, పొంగింది.

"ఎవరో కాదు. మనోళ్ళే," అన్నాను.

కల్పలత ఇయర్‌ఫోన్లు తీసింది. వారంలో నా మాట కోసం తీయడం అదే మొదలు.

"మనోళ్ళు అంటే?"

ఫోన్ తీసి చూపించాను. నేను పంపిన మెసేజ్. మా వాకింగ్ గ్రూపుకు, భజన గ్రూపుకు, ఊళ్ళో మా పాలివాళ్ళ గ్రూపుకు, రిటైరైన సొసైటీ గుమస్తాల గ్రూపుకు. "మా కోడలు నడిపే వెబ్‌సైట్. టోకెన్ కావాలంటే ఎనిమిదింటికే పేజీ తెరిచి పెట్టండి. మూయకండి. తెర ఆరిపోకుండా వేలితో తాకుతూ ఉండండి. ఇంట్లో ఎన్ని ఫోన్లుంటే అన్ని. యూరియా లైన్లో చెప్పులు పెట్టినట్టే అనుకోండి. పది మందికి పంపండి."

"ఇది ఎన్నటి సంది పంపుతున్నరు?"

"మొదటి వారం నుంచి. సైట్ పడిపోయిందంటే జనం తక్కువ వచ్చిండ్రేమో, నీ పేరు పోతదేమో అని రెండో వారం ఇంక జెర గట్టిగనే చెప్పిన."

పైన పన్నెండు మంది ఇంజనీర్లని రాశాను. ఉన్నది ఒక్కతే, మా కోడలు. రోగాన్ని ఒక్క మాటతో బయటపెట్టానని కూడా రాశాను. రోగం నేనే కనక బయటపెట్టగలిగాను. అందులో నా తెలివేమీ లేదు.

వంటింట్లోంచి బుచ్చమ్మ తొంగి చూసింది. "ఏందయ్యా, మళ్ళేం చేసినవ్?"

"అత్తమ్మా, మామయ్య నా సర్వర్‌ల చెప్పులు పెట్టించిండు."

"చెప్పులా? లోపలికా?"

ఊరివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, పట్నంవాళ్ళ కోసం రాస్తున్నాను. యూరియా వస్తుందంటే మా సొసైటీ ముందు తెల్లారకముందే లైన్ కట్టేవారు. ఎండ ఎక్కేసరికి మనుషులు నీడకు పోయి, తమ చోట చెప్పులు వదిలేవారు. మనిషి లేకపోయినా జత ఉంటే ఆ చోటు వాడిదే. ఎవడూ దాటడు. ఒకసారి లారీ తొమ్మిది రోజులు రాలేదు. ఎర్ర వారున్న ఒక జత అలవాటు పడిపోయి, ముందు జత జరిగితే తనంతట తానే ముందుకు జరిగేది. దాని యజమాని పెళ్ళికి పోయి వచ్చేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను కళ్ళారా చూశాను.

ఇదంతా చెబుతుంటే కల్పలత కేకలు వేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది. గడియారం చూసి చాలా మెల్లగా అంది. "తొమ్మిదీ పన్నెండు. అందరికి ఫోన్ చెయ్యుండ్రి. పేజీ మూయమనుండ్రి. లేకుంటే పదింటికి నా కొలువు తిరుమల్‌ది."

మొట్టమొదట సన్యాసిరాజుకు చేశాను. విజయనగరం వైపు నుంచి వచ్చి, ఇరవై ఏళ్ళుగా మా వెనక వీధిలో ఉంటున్నాడు. చెవులు రెండూ మందగించాయి. అందుకే ఫోన్లో ఊరంతా వినేట్టు మాట్లాడతాడు.

"రాజుగారూ, ఆ పేజీ మూసేయండి!"

"ఏటీ? మూసీడమేటి? నాను మూయను! ఏడున్నర నుంచి కూకున్నాను, ఏలు అరిగిపోనాది!"

"మూస్తేనే అందరికీ వస్తుందండీ!"

"అందరికీ నాకెందుకు బావూ, నాకొస్తే సాలు! నువ్వే గదేటి సెప్పినావు, సచ్చినా ముయ్యొద్దని? మా ఆవిడ ఫోను, కోడలి ఫోను, పక్కింటోల్ల ఫోను, నాలుగెట్టినాను! ఇప్పుడు నన్ను తీయించి మీవోల్లని ఎట్టుకుందామనా? గుమస్తా బుద్ది పోనిచ్చుకున్నావు కాదు!"

పెట్టేశాడు. తర్వాత పదహారు మందికి చేశాను. ఆరుగురు ఎత్తలేదు. నలుగురు సరేనన్నారు, గళ్ళలో ఒక్కటీ ఖాళీ కాలేదు. మిగతావాళ్ళకు నా మీద అనుమానం పుట్టింది. చోటు పట్టుకోమని ముప్పయ్యేళ్ళు జనానికి నేర్పినవాణ్ణి, వదలమంటే ఎవడు వింటాడు? ఫోన్ నేలకేసి కొడదామనిపించింది. అప్పుకు కొన్నది, ఊరుకున్నాను.

"ఒక్కడు సుత లేస్తలేడమ్మా."

కల్పలత తెర మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగింది. "మామయ్యా, మీరు కిటికీల కూసున్నప్పుడు, ముందట ఒట్టి చెప్పులే ఉంటే ఏం చేసేటోళ్ళు?"

"ఏం చేస్తం? ఎవరివిరా అని పిలుస్తం. ఒకటి, రెండు లెక్కపెడతం. పలకకుంటే తీసి అవతల పడేస్తం."

"రెండేనా?"

"మూడు లెక్కపెడితే వెనకోళ్ళు నన్నే అవతల పడేస్తుండ్రి."

ఆమె అరవై కొట్టేసి, రెండు రాసింది. మిగిలిన టోకెన్లెన్నో మాటిమాటికీ అడగమన్న సంగతి పేజీలోంచి పీకేసింది. లైన్ పొడవు యాభైకి కోసింది. అది దాటి వచ్చినవాళ్ళను ఊరికే తిప్పి పంపకుండా, రెండు నిమిషాలాగి రమ్మని ఒక ముక్క రాసి పెట్టింది.

"లైన్ మరీ చిన్నగైంది గదమ్మా?"

"పొడుగు లైన్ల నిలబెట్టి ఉత్తగ పంపుడు కంటే, జర ఆగి రమ్మని ముందే చెప్పుడు మంచిది."

తొమ్మిదీ నలభై ఒకటికి సర్వర్‌ను ఆపి మళ్ళీ లేపింది. నూట యాభై గళ్ళూ ఒక్క దెబ్బకు ఖాళీ. మరుక్షణం నా ఫోన్ మోగింది.

"తోసీసినారు! నన్ను లైన్లోంచి తోసీసినారు! నాలుగు ఫోన్లూ ఒకేపాలి! ఇది అన్నేయం బావూ!"

"రాజుగారూ, పదింటికి మామూలుగా ఒక్క ఫోన్లో తెరవండి. వస్తది."

"రాకపోతే నీ ఇంటికొస్తాను!"

పదయింది. కల్పలత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, ఇంక ముట్టుకోవలసింది ఏమీ లేదన్నట్టు. గళ్ళు నిండాయి. ఖాళీ అయ్యాయి. మళ్ళీ నిండాయి. ఒక దశలో నూట యాభైకి నూట నలభై తొమ్మిది నిండి, అక్కడే కదలకుండా నిలబడ్డాయి. బుచ్చమ్మ తడి చేతులతోనే వచ్చి వెనక నిలుచుంది. ఒక గడి ఆరింది. తర్వాత పది. లైన్లోవాళ్ళు ముందుకు వచ్చారు, టోకెన్ తీసుకున్నారు, పోయారు. పదీ పంతొమ్మిదికి నాలుగు వందలూ అయిపోయాయి. సర్వర్ పడలేదు.

కల్పలత కుర్చీలో వెనక్కి వాలి, "ఆకలైతుంది" అంది. ఉప్మా నేను తినేశానని బుచ్చమ్మ చెప్పింది. ఆ రోజు నేను తిన్న తిట్లలో ఉప్మాకు తిన్నవే గట్టివి.

సన్యాసిరాజు మళ్ళీ చేశాడు. పదీ ఏడుకు టోకెన్ వచ్చిందట. "సూసినావా! ఏడున్నర నుంచి కూకున్నాను గాబట్టే వచ్చినాది!" నేను వాదించలేదు. ఎలాగూ వినపడదు.

ఇంతలో ఓంప్రకాశ్ ఫోన్. మళ్ళీ స్పీకర్. "కల్పలతా, కమాల్ చేసినవ్. ఇంత మంచి పని నేను చూడలే. నేనే తొందరపడి ఏదో అన్న, మనసుల పెట్టుకోకు. ఈ ప్రాజెక్టు ఎప్పటికి నీదే." ఆ మాటలకు పిల్ల కళ్ళు చెమర్చాయి.

ఇదంతా చదివిన బుచ్చమ్మ, "ఆఖరుది ఎప్పుడైంది? నేనెక్కడున్న?" అని అడిగింది. ఒప్పుకుంటున్నాను. ఇందులో నేను కల్పించింది ఆ ఫోన్ ఒక్కటే. ఓంప్రకాశ్ చేయలేదు. కల్పలత పన్నెండింటి దాకా ఫోన్ పక్కనే పెట్టుకుని చూసింది. చివరికి ఒక మెసేజ్ వచ్చింది: "నోటెడ్. వచ్చే వారం టోకెన్లు ఎనిమిది వందలు." అది చూసి మా కోడలు ఎవర్నో ఒక చక్కటి మాట అంది. ఆ మాట మాత్రం నేను రాయను.