రాకేశ్ ముఖం

హైదరాబాదులో బొమ్మల సినిమాలు తీసే ఆఫీసులో భాగ్యశ్రీ పనిచేస్తుంది. తన సొంత సినిమా ఒకటి, నాలుగు నిమిషాలదైనా సరే, తీయాలని సెలవు పెట్టి కోరుట్లకు వచ్చింది. కథ ఇంట్లోదే. బీడీలు చుట్టే వాళ్లమ్మ లింగవ్వ, తను పుట్టకముందే రెండేళ్ల వయసులో జ్వరంతో పోయిన అన్న రాకేశ్.

గీసినంతవరకు ట్యాబులో అమ్మకు చూపించింది. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరిస్తున్న తన బొమ్మను చూసి లింగవ్వ నవ్వింది.

"నా ముక్కు గింత పెద్దగుంటదానే?"

తర్వాత పిల్లవాడు వచ్చాడు. అంగీ ఉంది, కాళ్లూ చేతులూ ఉన్నాయి, ముఖం ఉండాల్సిన చోట ఖాళీ.

"ముఖమేదే బిడ్డా?"

"నేను చూడలే గదమ్మా. ఒక్క ఫోటో గూడ లేదాయె. ఎట్లుండెనో చెప్పు, గీస్త."

లింగవ్వ వాడి కళ్ల గురించి చెప్పబోయి ఆగింది. ముక్కు గురించి చెప్పబోయి మళ్లీ ఆగింది. కొంగు కళ్లకు అద్దుకుంది.

"యాదికస్తలేదే. కన్నదాన్ని, నాకే యాదికస్తలేదు."

భాగ్యశ్రీ ట్యాబు పక్కన పెట్టి అమ్మ చేయి పట్టుకుంది.

"పోనీ, యాదికున్నదేందో గదే చెప్పు."

"నేను బీడీలు చుట్టంగ ఎనుకనుంచి అచ్చి మెడకు ఏలాడెటోడు. ఎప్పుడు నీళ్లల్లనే ఆట, చేతులు సల్లగుండేటియి. నేను ఉలిక్కిపడితె పకపక నవ్వెటోడు."

మర్నాడు భాగ్యశ్రీ ఆ భాగమంతా చెరిపి మళ్లీ గీసింది. ఈసారి తెర నిండా అమ్మ ముఖమే. వెనుకనుంచి రెండు చిన్న చేతులు వచ్చి మెడను చుట్టుకుంటాయి. అప్పటిదాకా ఎండుటాకు రంగులో ఉన్న బొమ్మ, ఆ చేతులు తాకిన చోటినుంచి మెల్లగా పచ్చబడుతుంది. సంగీతం తీసేసింది. పక్కింటి గీత తన పాపను ఆడిస్తుంటే ఫోనులో పట్టిన ఆ పాప నవ్వొక్కటే ఉంచింది.

జగిత్యాలలో నలుగురైదుగురు కుర్రవాళ్ల సినిమాలతో కలిపి దాన్ని వేశారు. తెరమీద చేతులు రాగానే లింగవ్వ తన మెడ తడుముకుంది. నవ్వు వినపడ్డప్పుడు ఏడవలేదు, తనూ నవ్వింది.

లైట్లు వెలిగాక పక్క కుర్చీలో కూర్చున్న ఒకామె లింగవ్వను పలకరించింది.

"మీ బిడ్డనే తీసిందట గదక్కా. ఎంతమంది పిల్లలు?"

ఇన్నేళ్లుగా ఎవరడిగినా లింగవ్వ "ఒక్కతే బిడ్డ" అనేది.

"ఇద్దరు," అంది. "గా చేతులు మా పెద్దోనియి. గీసింది చిన్నది."