పచ్చిదుంపల మర్ఫీలు

స్టేషియా మర్ఫీ పోయిన మర్నాడు సాయంత్రం నాలుగయ్యేసరికి ముందుగదిలో శవపేటిక, వంటింట్లో రెండువందల శాండ్‌విచ్‌లు, గుమ్మంలో నల్లబట్టలతో కూతురు డింఫ్నా, అన్నీ సిద్ధం. లేనిది జనమే. మూడింటి నుంచి కడచూపు అని రేడియోలో చదివించారు. ఈ గంటలో వచ్చింది ఒక్క పోస్ట్‌మాన్. అతనూ ఉత్తరం ఇచ్చిపోవడానికే.

"తన చావుకి ఊరు కదిలి రావాలనేది కదరా అమ్మ," అంది డింఫ్నా తమ్ముడితో.

"కదిలే ఉంటుంది. ఇటు కాదు," అన్నాడు లార్, మూడో శాండ్‌విచ్ అందుకుంటూ. "రేడియోవాళ్ళకి ఏమని చెప్పావక్కా?"

తిరకాసంతా అక్కడే ఉంది. ఐర్లండ్‌లోని ఈ వెక్స్‌ఫర్డ్ జిల్లాలో, వాళ్ళ చర్చి ఒక్కదాని కిందే పందొమ్మిది మర్ఫీ ఇళ్ళు. అందులో స్టేషియాలు ముగ్గురు. అందుకే ఎవరు పోయినా పేరుతోపాటు ఇంటి మారుపేరు కూడా చదివించడం ఆనవాయితీ. గంట మర్ఫీలు, మేకల మర్ఫీలు. డింఫ్నా వాళ్ళు పచ్చిదుంపల మర్ఫీలు. ముత్తాత కాలంలో నూర్పిళ్ళకి వచ్చినవాళ్ళకి సగం ఉడికిన బంగాళాదుంపలు పెట్టారట. నూరేళ్ళయినా ఆ దుంపలు ఇంకా ఉడకలేదు.

లండన్‌లో నర్సుగా చేసిన పదకొండేళ్ళూ దుంప డింఫ్నాని వదల్లేదు. అక్కడివాళ్ళ వాడుకలో మర్ఫీ అంటేనే బంగాళాదుంప. భోజనాల దగ్గర "ఇంకో రెండు మర్ఫీలు వేసుకోవూ," అని నవ్వేవాళ్ళు. తిరిగొచ్చాక, వంశచరిత్రలు అమ్మే దుకాణంలో ఒక పత్రం కొని పటం కట్టించింది. పాత ఐరిష్‌లో మర్ఫీ అంటే సముద్ర వీరుడట. మోకాలిలోతు దాటి సముద్రంలో దిగని కుటుంబానికి అది బాగా వదులు చొక్కానే. అయినా తొడుక్కుంది. ఇంటికి 'సీ వ్యూ' అని పేరు కూడా పెట్టింది. సముద్రం కనబడాలంటే కప్పెక్కాలి. రేడియోకీ అదే చెప్పింది, 'సీ వ్యూలో స్టేషియా మర్ఫీ' అని. పచ్చిదుంపల్ని మింగేసింది.

ఫోన్ మోగింది. అవతల గంట మర్ఫీల స్టేషియా. తొంభైయొక్కేళ్ళ మనిషి.

"ఏమే డింఫ్నా, మూడింటి నుంచీ మా ఇంటికి జనమే జనం. జలుబు చేసి ఆదివారం పూజకి రాలేదని నన్ను చంపేశారు. తలుపు నేనే తీసేసరికి, పరామర్శకొచ్చిన బ్రీడా ఫర్లాంగ్ బిత్తరపోయి చేతిలో ఆపిల్ కేకు నా కాళ్ళ మీద పడేసింది. మేకల స్టేషియా ఇక్కడే పొయ్యి దగ్గర కూచుని టీ తాగుతోంది. మరి మిగిలింది..."

"మా అమ్మేనండీ."

"నీకు కష్టమొచ్చింది తల్లీ. ఈ ఇంట్లోవాళ్ళని నేను తోలుకొస్తాలే. కొండ అవతలివాళ్ళకెలా తెలుస్తుంది? ఐదింటికి మళ్ళీ చదువుతారు. సరిగ్గా చెప్పించు."

డింఫ్నా రేడియోకి ఫోన్ చేసింది. లార్ నమలడం మానేసి చూస్తున్నాడు.

"ఏం చేర్చమంటారండీ?" అంది ఫోనెత్తిన రేడియో అమ్మాయి.

"పచ్చిదుంపల మర్ఫీలు," అంది డింఫ్నా, గోడకేసి తిరిగి.

"పచ్చిదుంపల స్టేషియా గారా? నిన్ననే ఆ మాట చెప్పకూడదా అండీ. మా నాన్నమ్మ పెళ్ళిగౌను ఆవిడ కుట్టిందే. మేమూ వస్తాం."

ఆరయ్యేసరికి సందు చివరిదాకా కార్లు. చెయ్యి పట్టుకుని "నీకు కష్టమొచ్చింది" అన్నవాళ్ళని లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది డింఫ్నా. కొండ అవతలి ముసలాయన ఒకడు చేతిని వదలకుండా, "నువ్వు ఏ మర్ఫీల పిల్లవమ్మా?" అన్నాడు.

"పచ్చిదుంపలండీ. పెద్దకూతుర్ని."

గంట మర్ఫీల స్టేషియా పేటిక పక్కనే కుర్చీ వేయించుకుని కూచుంది. వరసంతా కళ్ళు చికిలించి చూసి నిట్టూర్చింది.

"నా చావుకి ఇంతమంది రారే. సగంమంది ఇవాళే వచ్చిపోయారుగా."

తల్లి తలదగ్గర నిలబడి డింఫ్నా నవ్వింది. ఆపుకోబోతే ఏడుపయింది. అది అవకముందే ఇంకో చెయ్యి ముందుకొచ్చింది. పట్టుకుంది.