తక్కువ తూగిన నూలు కట్ట

నేను ఒక నూలు కట్టను. నన్ను చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళూ ముందు అనుమానంగా చూస్తారు. వాళ్ళను నేనూ అలాగే చూస్తాను.

గుంటూరు వైపు ఒక మిల్లులో, వానాకాలంలో పుట్టాను. దారం తెగకుండా అక్కడ గదంతా సన్నటి నీటి తుంపర చల్లుతారు. ఆ తడిగాలి పీల్చుకుని ఉన్నప్పుడే నన్ను ఇరవై గుత్తులుగా కట్టి, తూచి, ‘ఐదు కిలోలు’ అని చీటీ అంటించారు.

ఎండాకాలానికి గద్వాల వైపు ఒక ఊళ్ళో, చేనేత సంఘం గదిలో ఉన్నాను. ఒక ఉదయం, స్టోరు చూసే రంగశాయి నా పక్క కట్టను విప్పి, ఒక గుత్తి లాగి సంచిలో వేసుకున్నాడు. మిగిలిన నూలుకు నడిమధ్య నీళ్ళు చిలకరించి, తూచుకుని, మళ్ళీ కట్టేశాడు. అంతా చూశాను. చెప్పడానికి నోరేదీ?

కాసేపటికి కౌసల్య వచ్చి మా ఇద్దరినీ తోడికోడలు ఆండాళు ఇంటికి మోసుకెళ్ళింది. నేతకు కండెలకు నూలు చుట్టి ఇచ్చేది కౌసల్య, మగ్గం ఆండాళుది. ఆమె మమ్మల్ని త్రాసుకు తగిలించింది. పక్క కట్ట సరిగ్గా ఐదు కిలోలు. నేను నూట యాభై గ్రాములు తక్కువ.

“కౌసల్యా, నిజం చెప్పు. తొవ్వల ఏమన్న తీసినవా?”

“ఏం మాటక్కా అది! పన్నెండేండ్ల సంది నీ పక్కన కూసొని కండెలు చుడుతున్న. ఒక్క పోగన్న ముట్టిన్నా?”

“మరి త్రాసు అబద్ధం చెప్తదా?”

కౌసల్య కళ్ళు తుడుచుకుని, మమ్మల్ని నెత్తిన పెట్టుకుని తిరిగి సంఘానికి నడిచింది. తూనికల అధికారిణి ఆ రోజు తనిఖీకి వస్తారని ఊరందరికీ తెలుసు. ఆండాళు కూడా వెనకే వచ్చింది.

అధికారిణి నన్ను తూచారు. “తడిగాలికి నూలు బరువెక్కుతుంది, ఎండలకు తేలికవుతుంది. అందుకే చట్టం కొంత తేడాను ఒప్పుకుంటుంది. ఇది ఆ తేడాలోపే ఉందమ్మా. గుత్తులు లెక్కపెట్టండి.”

ఇరవై ఉన్నాయి. ఆండాళు తల దించుకుంది.

అప్పుడు కౌసల్య పక్క కట్టను చూపిస్తూ అడిగింది: “ఈ ఎండలకు ఇది తగ్గితే, అదెట్ల తగ్గలే మేడమ్?”

అధికారిణి ఆమె వైపు ఒక క్షణం చూసి, పక్క కట్టను విప్పించారు. పంతొమ్మిది గుత్తులు. మధ్యలో చేయి పెడితే తడి. రంగశాయి అప్పటికే చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

అతని మీద కేసు రాశారు. “తప్పయింది చెల్లె” అంటూ ఆండాళు కౌసల్య చేయి పట్టుకుంది. కౌసల్య విడిపించుకోలేదు.

ఇప్పుడు నేను ఆండాళు మగ్గం మీద సగం చీరనయ్యాను. కౌసల్య రోజూ వస్తుంది, పక్కన కూర్చుని కండెలు చుడుతుంది. సాయంత్రం వెళ్ళేముందు మాత్రం, ఎవరూ అడగకపోయినా, గుమ్మంలో నిలబడి కొంగు విప్పి దులిపి చూపిస్తుంది.

ఆండాళు ప్రతిసారీ ముఖం పక్కకు తిప్పుకుంటుంది.